నెల్లూరులో పై పోర్షన్ బాడుగకు ఇద్దామనుకుంటున్నాం. ఓనరుగా చట్టప్రకారం మేమేం చేయాలి?

‘పదకొండు నెలలకు రాసుకోండి, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అని మీకీపాటికే నలుగురు చెప్పుంటారు. ఆ కిటుకు వేరే చాలా రాష్ట్రాల్లో నడుస్తుంది. మన దగ్గర 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించారు, లీజు ఎన్ని నెలలదైనా రిజిస్టరు చేయించాల్సిందే. ఊళ్లో ఎవరు చేయిస్తున్నారంటే, నాకు తెలిసి ఒక్కరూ లేరు. ఒక స్టాంపు పేపరు, ఇద్దరు సాక్షులు, నోటరీ ముద్ర, అంతే. తగాదా కోర్టుకెక్కినప్పుడు తెలుస్తుంది ఆ కాగితం బలమెంతో.

నన్నడిగితే ఓనరు చేయాల్సినవాటికంటే చేయకూడనివే ముఖ్యం. మా బావమరిదికి వేదాయపాళెంలో రెండంతస్తుల ఇల్లుంది. పైన ఉన్నాయనది రొయ్యల మేత వ్యాపారం. ఆ ఏడాది రొయ్య ధర పడిపోయింది, బాడుగ ఆగిపోయింది. కొన్ని నెలలు ఓర్చుకుని మావాడు ఒకరోజు మోటారు ఆపేసి, స్విచ్చి ఉన్న గదికి తాళం బిగించి తిరుపతి పోయాడు. మే నెల ఎండలు. వాళ్లు ఫోన్ చేస్తే నేను పరుగెత్తాను. పైనింటావిడ మెట్ల మీద కిందినుంచి పైదాకా ఖాళీ బిందెలు వరసగా పేర్చి, ఫోన్లో వీడియో తీస్తోంది. ‘బాడుగ బాకీ ఉన్నామన్నా, కాదనడం లేదు. బిడ్డకు స్నానం కూడా చేయించొద్దంటే ఎట్టన్నా?’ అంది. ఏం చెప్తాను?

సాయంత్రానికి స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. మావాడు బాకీల లెక్క విప్పబోతే ఎస్సై విననేలేదు. ‘అది కోర్టులో తేల్చుకోండి, ముందు మోటారు వెయ్యండి’ అన్నాడు. మావాడు ఎంత గింజుకున్నా ఆయన మాటే కరెక్టు. 1960 నాటి మన పాత అద్దె నియంత్రణ చట్టమైనా, 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టమైనా, బాకీ ఉందని నీళ్లూ కరెంటూ ఆపే హక్కు ఓనరుకు ఇవ్వలేదు. ఆ తర్వాత పద్ధతిగా లాయరు నోటీసు పంపించాం. నెలవారీ బాడుగకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. అడ్వాన్సు బాకీలో చెల్లేసుకుని వాళ్లు ఖాళీ చేశారు.

అడ్వాన్సంటే గుర్తొచ్చింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల బాడుగ కోసేస్తారే, దాన్ని చూస్తే నాకు ఒళ్లు మంట. ఆ నమూనా చట్టంలో గోడలకు సున్నాలు, తలుపులకూ కిటికీలకూ రంగులు ఓనరు ఖర్చుకిందే రాశారు. ఇళ్లకు రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోవద్దని కూడా ఉంది. రాష్ట్రాలు సొంతంగా చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది, సరే, కానీ న్యాయమేదో తెలుస్తోంది కదా. ఇంకో రోగం, ఇల్లు చూడ్డానికి వస్తే ముందు ‘మీరేవుట్లు?’ అని కులం అడుగుతారు. ఎక్కడ పనిచేస్తారు, ఇంతకుముందు ఏ ఇంట్లో ఉన్నారు అని మాత్రం అడగరు. మీరు అవి అడగండి, ఆధార్ కాపీ తీసుకోండి.

ఇన్‌కం టాక్స్ గురించి మరీ టెన్షన్ పడొద్దు. కట్టిన ఇంటిపన్ను పోను మిగిలిన బాడుగలో 30 శాతం మినహాయింపు ఉంటుంది, రిపేర్లకు రూపాయి ఖర్చు పెట్టకపోయినా సరే. అద్దెకుండే ఉద్యోగి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం మీ పాన్ నంబరు అడిగితే ముఖం చిట్లించకండి. ఏడాది బాడుగ లక్ష దాటితే అతను ఇవ్వాల్సిందే. ‘పాన్ అడిగేవాళ్లకు ఇల్లివ్వం’ అనే ఓనర్లు మాగుంట లేఅవుట్‌లో నాకు బాగానే తెలుసు.

ఇల్లు అమెరికాలో ఉన్న మీ అబ్బాయి పేరున ఉందా? అయితే బాడుగ ఎంత తక్కువైనా అద్దెకున్నాయనే బాడుగలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోసి ప్రభుత్వానికి కట్టాలి. నెలకు 50 వేలు దాటితేనే అన్న రూలు ఇక్కడుండే ఓనర్లకు మాత్రమే. ఈ సంగతి ఇల్లిచ్చే ముందే ఆయనకు చెప్పేయండి.