బొమ్మలో ఉన్నది ఎవరు?

అమ్మాయీ,

నీ మెయిల్, దాంతోపాటు పంపిన కామిక్ పేజీలు చూశాను. గీత బాగుంది. చేతివేళ్లు మాత్రం ఇంకా తడబడుతున్నాయి, వాటి సంగతి ఇంకో ఉత్తరంలో. ఎవరో విదేశీ క్లయింటు 'పెద్దలకు మాత్రమే' రకం బొమ్మలు వేసిపెట్టమన్నాడు, ఒక్కో బొమ్మకు నీ నెల అద్దెంత ఇస్తానన్నాడు, ఒప్పుకోవచ్చా అని కదా అడిగావు. (మా రోజుల్లో కమీషనంటే బ్రోకరు తినేది. మీరు ఆర్డరు బొమ్మను కమీషన్ అంటుంటే నాకింకా అలవాటు కాలేదు.)

బట్టల్లేని ఒళ్లు గీయడం తప్పని నేననుకోను. ఒళ్లు తెలియనివాడికి చీర కుచ్చిళ్లు కూడా సరిగా పడవు. కానీ తప్పు కాదని నేననుకోవడం వేరు, ఆ మాట నలుగురి చేతా అనిపించుకోవడం వేరు. మన కవయిత్రి ముద్దుపళని శృంగారకావ్యం రాధికాసాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే, బూతని సర్కారు నిషేధించింది. ప్రకాశం పంతులుగారి పూనికతో ఆ నిషేధం పోయేసరికి ముప్పై ఏళ్లు దాటాయి. 1954లో బొంబాయిలో చిత్రకారుడు అక్బర్ పదమ్సీ ప్రేమికుల నగ్నచిత్రాలు ప్రదర్శనకు పెడితే పోలీసు కేసయింది, ఆయన కోర్టులో గెలిచాడు. అదే పదమ్సీ వేసిన బొమ్మల్ని ఈమధ్య కస్టమ్స్ వాళ్లు అశ్లీలమని పట్టుకున్నారు. నగ్నంగా ఉన్నదల్లా అశ్లీలం కాదని 2024 అక్టోబరులో బొంబాయి హైకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 70 ఏళ్ల తర్వాత కూడా అదే వాదన! గెలుపు ఉంది, నిజమే. అది వచ్చేదాకా లాయరు ఫీజు ఎవరు కడతారన్నదే నా బెంగ.

నువ్వు టాబ్లెట్ మీద గీస్తావు కాబట్టి నీకు తగిలేది ఐటీ చట్టం. అశ్లీలానికి 67వ సెక్షను: మొదటిసారి మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. లైంగిక చర్యనే బాహాటంగా చూపిస్తే 67ఏ: ఐదేళ్లు, పది లక్షలు. ప్రచురించడమే కాదు, పంపడం కూడా అందులో ఉంది. కాబట్టి 'ఒక్కడికే మెయిల్ చేశానండీ' అంటే సరిపోదు. కళ కోసం, సాహిత్యం కోసం అయితే మినహాయింపు ఉంది, కానీ అలాంటిదని రుజువు చేసుకోవాల్సింది నువ్వు. నీ కామిక్‌లో కథ నడిచి నడిచి పడకగదికి చేరితే ఆ పేజీని సమర్థించుకోవచ్చు. బొమ్మను విడిగా కాక మొత్తం సందర్భంలో, ఈనాటి సమాజం కళ్లతో చూడాలని 2014లో, పత్రికలో అచ్చయిన నగ్న ఫోటో మీద నడిచిన అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. కథా కాకరకాయా లేకుండా ఒకడి సరదా కోసం వేసిన బొమ్మకు ఆ సందర్భం ఎక్కణ్ణుంచి తెస్తావు? అతని దేశంలో అది చెల్లుతుందేమో. నువ్వు కూర్చుని గీసేది రాజమండ్రిలో.

ఇంతవరకూ చెప్పింది నీ ధైర్యానికి సంబంధించింది. ఇక ముందు చెప్పేదాంట్లో బేరం లేదు.

'మా కాలేజీ అమ్మాయి ఫోటో పంపిస్తా, ఆ ముఖంతో వెయ్యండి' అంటాడు ఒకడు. హీరోయిన్ ముఖం అడిగేవాళ్లకైతే లెక్కే లేదు. ఆ అమ్మాయిని అడిగారా? 2023లో రష్మిక మందన్న ముఖం ఇంకొకామె ఒంటికి అతికించిన వీడియో తిరిగింది గుర్తుందా? ఆ కేసులో ఢిల్లీ పోలీసులు పట్టుకెళ్లింది మన గుంటూరు వైపు కుర్రాణ్ణే. అభిమాన పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడట! నువ్వు చేత్తో గీసినా, పోలిక కుదిరిందంటే ఆ ముఖం ఉన్న మనిషి రేపు వీధిలోకి రాలేదు.

ఇంకోటి, పిల్లలు. 67బీ సెక్షనులో పంపడం దాకా కూడా పోనక్కర్లేదు, పిల్లల్ని అలా చూపించే డిజిటల్ బొమ్మను తయారు చేయడమే నేరం. 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. పోక్సో చట్టానికి 2019లో చేసిన సవరణలోనూ, మార్పులు చేసి తయారు చేసిన బొమ్మ పిల్లల్లా కనిపించినా చాలన్నట్టు రాశారు. క్లయింటు 'ఈ పాత్ర వయసు వెయ్యేళ్లు, దయ్యం' అని రాసి, రెండు జడల చంటి ముఖం అడుగుతాడు. జవాబు ఇవ్వకు, బ్లాక్ చెయ్యి.

ఇక నా కథ. విజయవాడలో ఒక ప్రచురణకర్తకు డిటెక్టివ్ నవల ముఖచిత్రం వేసిచ్చాను. తడిసిన చీరలో ఒక స్త్రీ, వెనక తుపాకీ. నవల రాలేదు. ఏడాది తర్వాత ఏలూరు బస్టాండు స్టాల్లో ఒక బూతు పుస్తకం మీద అదే బొమ్మ. తుపాకీ చెరిపేశారు, నా సంతకం మాత్రం భద్రంగా ఉంచారు. పోట్లాటకు వెళ్తే ఆయన నవ్వి, డబ్బిచ్చాను కదయ్యా అన్నాడు. ఆయన మాటలో కొంత చట్టం కూడా ఉందని తర్వాత తెలిసింది. కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోసం పెయింటింగో పోర్ట్రెయిటో వేస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు వేయించుకున్నవాడిదే. అందుకని ఏ బొమ్మకైనా హక్కు నీదేనని, దేనికి వాడాలో, ఎన్ని మార్పులు చేస్తావో ముందే రాయించు. సగం డబ్బు ముందు తీసుకో. క్లయింటు వయసు అడుగు. వద్దనిపిస్తే మధ్యలో ఆపే హక్కు నీకుందని ఒక వాక్యం పెట్టు.

అయితే చట్టం ఒప్పుకోని పనికి రాసుకున్న కాగితం చెల్లదు. ఎగ్గొడితే ఎవరికీ చెప్పుకోలేవు. డబ్బు పంపించే సంస్థలకూ వాటి షరతులు వాటికున్నాయి. 2025 జులైలో వాటి ఒత్తిడికి, గేములు అమ్మే సైటు స్టీమ్ కొన్ని పెద్దల గేములు తీసేసింది, అలాంటిదే ఇంకో సైటు ఇచ్ డాట్ ఐఓ అవన్నీ వెతికినా దొరక్కుండా దాచేసింది. ఇక ఒంటరి ఆర్టిస్టు ఖాతా ఆపేయడం వాళ్లకెంత పని?

నా మాట అడిగితే, ఈ ఆర్డరు వదిలేయమంటాను. నీ కామిక్‌లో ఆ పడకగది పేజీ మాత్రం భయపడకుండా గీయి.

నాన్నగారికి చెప్పాలా అని చివర్లో అడిగావు. నేను మా నాన్నకు చెప్పలేదు. ఆ రోజు ఏలూరు బస్టాండులో ఆ పుస్తకం ముందు చూసింది ఆయనే. సంతకం గుర్తుపట్టి, కొని, సంచిలో అడుగున పెట్టుకుని ఇంటికి తెచ్చారు. నా టేబుల్ మీద బోర్లించి, భోజనానికి రమ్మన్నారు.

ఇట్లు,
మీ మాస్టారు