రైటర్స్ రిట్రీట్‌తో నవల పూర్తవుతుందా?

ప్రశ్న: నవల అరవై పేజీల దగ్గర ఆగి ఏడాది దాటింది. స్కూలూ ఇల్లూ చూసుకునేసరికి తీరికే చిక్కడం లేదు. వేసవి సెలవుల్లో పది రోజుల రైటర్స్ రిట్రీట్‌కి, అంటే ఇంటికి దూరంగా ఉండి రాసుకునే విడిదికి, వెళ్తే ఉపయోగమేనా? – ఒక టీచర్, ఖమ్మం

జవాబు: అరవై పేజీలు చేతిలో ఉన్నాయి కాబట్టి వెళ్ళండి. అక్కడికెళ్ళాక ఏదో ఒకటి తడుతుందిలే అనుకునేవాళ్ళకైతే దండగ. ముందు టైమ్‌టేబుల్ అడగండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సెషన్లే ఉంటే అది వర్క్‌షాపు. పరిచయాలు పెరుగుతాయి గానీ నవల కదలదు.

అసలు లాభం వరసగా దొరికే గంటలు. ఇంట్లో గంట దొరికినా, కిందటిసారి ఎవరు ఎవరితో ఏమన్నారో గుర్తు తెచ్చుకోవడానికే అరగంట పోతుంది. అమెరికాలో 1907లో మొదలైన మెక్‌డోవెల్ అనే విడిదిలో మధ్యాహ్నం భోజనం బుట్టను స్టూడియో గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతారు, రాసేవాళ్ళ ధ్యాస చెదరకుండా. మన దేశంలో 2008లో మొదలై, తర్వాత బెంగళూరు వైపు నడిచిన సంగం హౌస్ అనే రచయితల విడిది భారతీయ భాషల్లో రాసేవాళ్ళనూ తీసుకుంటూ వచ్చింది. ఇలాంటి చోట్లకి రచన నమూనా, తరచు దాని ఇంగ్లీషు అనువాదం కూడా పంపాలి. పది పేజీలు ముందే చేయించి ఉంచుకోండి.

తొలి రెండు రోజులు కలం సాగదు. కంగారుపడి కొత్త అధ్యాయం ఎత్తుకోవద్దు. ఉన్నదంతా చదివి పాత్రల వయసులు, ఊళ్ళు, సంవత్సరాలు ఒక కాగితం మీద వేసుకోండి. నవల ఎందుకు ఆగిందో చాలాసార్లు అక్కడే బయటపడుతుంది: పన్నెండో పేజీలో పెళ్ళికాని చెల్లెలికి, కథలో మూడేళ్ళు గడవకుండానే, యాభయ్యో పేజీలో టెన్త్ చదివే కొడుకుంటాడు! మూడోరోజు నుంచి పొద్దున కొత్తది రాయండి, సాయంత్రం దిద్దుకోండి. రోజుకి నాలుగైదు పేజీలొస్తే మంచి లెక్కే. తోటివాళ్ళకి చదివి వినిపిస్తే ఇరవై నిమిషాలు దాటొద్దు. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే అంటారు. "ఎక్కడ విసుగొచ్చింది?" అని అడగండి.

డీటీపీకి వాడే అను ఫాంట్లలో టైపు చేసుంటే, ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చుకుని వెళ్ళండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో మీ నవల పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. మార్చేటప్పుడు ఒత్తులు తారుమారవుతుంటాయి, సరిచూసుకోండి. ఎందుకైనా మంచిది, ఒకవైపే ప్రింటు తీసి పట్టుకెళ్ళండి.

ప్రశ్న: రిట్రీట్‌కి వెళ్ళేంత ఖర్చు పెట్టలేనివాళ్ళ మాటేమిటి? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఖాళీగా ఉన్న చుట్టాలిల్లు నాలుగు రోజులకి అడగండి. అన్నం వండుకుని కూరలు కర్రీ పాయింట్‌లో తెచ్చుకోండి. సొంతింట్లో తలుపేసుకుని కూర్చుంటే మాత్రం కుదరదు. గ్యాస్ బండ వచ్చినా మీరే లేవాలి.