అమెరికాలో ఒబామాకేర్‌ని రాష్ట్రాలు ఎలా అమలు చేస్తాయి?

ఒబామాకేర్ అంటే ఎక్కువమందికి ఆరోగ్య బీమా అందించడానికి తెచ్చిన చట్టం. అది 2010లో వాషింగ్టన్‌లో పాసైంది కానీ అది జనానికి అందాలా వద్దా అన్నది చాలావరకు రాష్ట్రాల చేతిలోనే ఉందండి. అన్నిటికంటే ముఖ్యమైంది మెడికెయిడ్ విస్తరణ, మెడికెయిడ్ అంటే పేదవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. పేదరిక రేఖకి 138 శాతం లోపు ఆదాయం ఉన్న, 65 ఏళ్ళు నిండని పెద్దవాళ్ళందరికీ ఇది ఇవ్వాలని చట్టంలో రాశారు, అయితే 2012లో సుప్రీంకోర్టు దీనికి రాష్ట్రాల్ని బలవంతపెట్టకూడదు అనేసరికి అది వాళ్ళ ఇష్టం అయిపోయింది. ఖర్చులో 90 శాతం కేంద్రమే పెట్టుకుంటుంది, అయినా టెక్సాస్, ఫ్లోరిడా ఒప్పుకోలేదు.

దీని ఫలితం ఎలా ఉంటుందంటే, పిల్లల్లేని ఒక మనిషి హోటల్లో గిన్నెలు కడుగుతూ పేదరిక రేఖ కంటే తక్కువ సంపాదిస్తున్నాడు అనుకోండి, లూసియానాలో ఉంటే మెడికెయిడ్ కార్డు వస్తుంది, అదే సరిహద్దు దాటి టెక్సాస్‌లో ఉంటే అదీ రాదు, మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, సబ్సిడీ కూడా రాదు ఎందుకంటే అది రేఖకి పైన ఉన్నవాళ్ళకి. నాకైతే ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది.

ఇక ఈ వెబ్‌సైట్ రాష్ట్రమే నడుపుకోవచ్చు, కాలిఫోర్నియా అలాగే కవర్డ్ కాలిఫోర్నియా పెట్టుకుంది, లేదంటే కేంద్రం సైట్ ఎలాగూ ఉంది. 1332 వేవర్ అని ఇంకో దారి ఉంది, అంటే చట్టంలోని కొన్ని నిబంధనల నుంచి కేంద్రం రాష్ట్రానికి ఇచ్చే మినహాయింపు, అలాస్కా దాంతో బాగా ఖరీదైన రోగుల బిల్లుల కోసం విడిగా ఫండ్ పెట్టి ప్రీమియంలు తగ్గించింది. నన్నడిగితే ఏ రాష్ట్రమైనా ముందు చేయాల్సింది మెడికెయిడ్ విస్తరణే, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.