పశువుల డాక్టరు లేని ఊళ్లో పాల సంఘం చేయగలిగినది

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాల సంఘానికి అధ్యక్షురాలివయ్యావని మీ అమ్మ చెప్పినప్పుడు పొంగిపోయాను. నీ ఉత్తరం చదివాక బెంగ కూడా కలిగింది. ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీ అనీ, పక్క మండలం డాక్టరే ఇన్‌ఛార్జిగా వారానికి రెండు రోజులు వస్తున్నారనీ రాశావు. అయిదు వేల పశువులకు ఒక డాక్టరు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. చాలా మండలాలు ఇప్పటికీ ఆ లెక్కకు దూరంగానే ఉన్నాయి. పశువైద్య డిగ్రీకి అయిదున్నరేళ్లు పడుతుంది కాబట్టి, ఈ ఏడు సీట్లు పెంచినా ఫలితం మీ ఊరికి వెంటనే అందదు. అందుకని, ఉన్న ఆ ఒక్క డాక్టరు సమయం వృథా కాకుండా చూడటం మీ సంఘం మొదటి పని.

కష్టమైన ఈత, జారిన గర్భసంచి, నరంలోకి ఎక్కించాల్సిన కాల్షియం, ఇవి డాక్టరు చేతికే దక్కాలి. టీకాలు, నట్టల మందు, గాయాలకు కట్టు లాంటివి డాక్టరు పర్యవేక్షణలో పశుసంవర్ధక సహాయకుడు చూసుకోగలడు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం కూడా చిన్న సేవలకు ఆ వీలు ఇచ్చింది. ఏ చదువూ లేకుండా సంచిలో సూదులు వేసుకుని తిరిగేవాళ్లను మాత్రం పాకలోకి రానివ్వకండి. వాళ్లు సగం మోతాదులో పొడిచిన యాంటీబయాటిక్ వల్ల పొదుగువాపు ముదిరిపోయి, చన్ను ఎండిపోయాక నా దగ్గరకు తెచ్చిన గేదెలు ఎన్నో.

తొలకరికి ముందే గొంతువాపు టీకా పూర్తి కావాలి. ఆ జబ్బు గేదెను గంటల్లో చంపేస్తుంది, అప్పుడు డాక్టరు ఊళ్లోనే ఉన్నా చాలాసార్లు చేయగలిగింది తక్కువ. టీకాలు వేసే రోజుకు ఒకరోజు ముందే, పాలు పోసే వేళ అందరికీ చెప్పించి, ఎవరి పశువులను వాళ్లు ఇంటి దగ్గరే కట్టేసి ఉంచేలా చూడు. వీధి వీధీ తిరిగి పశువులను వెతుక్కునే శ్రమ సహాయకుడికి తప్పుతుంది.

సంఘం డబ్బుతో ఒక థర్మామీటరు కొని పాల కేంద్రంలో ఉంచు. ఫోను చేసేటప్పుడు ‘గేదె బాగాలేదు’ అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. ఎన్నో ఈత, ఎప్పుడు ఈనింది, నెమరు వేస్తోందా, పేడ ఎలా ఉంది, జ్వరం ఎంత అన్నవి చెప్పాలి. 101, 102 డిగ్రీలు మామూలే. ఈనిన మూడు రోజుల్లోపు పాడి బాగా ఉన్న గేదె లేవలేక, తల డొక్కవైపు తిప్పుకుని, చెవులు చల్లబడి పడి ఉంటే అది పాలజ్వరమని, అంటే ఒంట్లో కాల్షియం పడిపోవడం వల్ల వచ్చే జబ్బని అనుమానించు. పక్కకు ఒరిగిపోకుండా గడ్డి మోపులు ఆసరాగా పెట్టి వెంటనే ఫోను చేయాలి. నోట్లో కషాయం గానీ నూనె గానీ పోయకూడదు, మింగలేని పశువుకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాయ పడలేదని రాయి కట్టి వేలాడదీసే అలవాటును మీ ఊరు మానేలా చేయగలిగితే ఎంతో మేలు. ఇన్‌ఛార్జి డాక్టరు అందకపోతే 1962కు ఫోను చేయండి, సంచార వైద్యశాల వాహనం ఆ నంబరు మీదే వస్తుంది.

ఇక ఖాళీ పోస్టు సంగతి. జీతం ఒక్కటే కారణం కాదమ్మా. ఆసుపత్రిలో నీళ్లుండవు, మరుగుదొడ్డి ఉండదు, పశువును నిలబెట్టే బోను విరిగి ఉంటుంది, అద్దెకు ఇల్లు దొరకదు. ఇప్పుడు చదువు ముగించుకుని వస్తున్నవాళ్లలో అమ్మాయిలు ఎందరో. అర్ధరాత్రి ఈత కేసుకు పిలిచి, మళ్లీ ఇంటి దాకా దిగబెట్టే మనిషి లేకపోతే ఆ అమ్మాయి ఎలా వస్తుంది? బదిలీ కోరుకుంటే తప్పు ఎవరిది? బోను బాగుచేయించడం, పంచాయతీతో మాట్లాడి కుళాయి వేయించడం, మంచి ఇల్లు చూసి ఉంచడం, రాత్రి తోడు వెళ్లడానికి ఇద్దరు సభ్యుల వంతు పెట్టడం మీ సంఘానికి అసాధ్యం కాదు. పోస్టు నిండకముందే ఇవి చేయండి.

ఒక రిజిస్టరు కూడా పెట్టించు. ఏ రోజు, ఎవరి పశువు, ఏ జబ్బు, ఎన్ని గంటలకు ఫోను చేశారు, వైద్యం ఎప్పుడు అందింది, పశువు బతికిందా చచ్చిందా అని ప్రతి కేసూ రాయించు. చచ్చిన పశువు ఖరీదు కూడా వేయించు. డాక్టరు లేరని ఉత్తినే రాసిన అర్జీలు నా ఉద్యోగకాలంలో చాలా చూశాను, వాటిని ఫైల్లో పెట్టి మరిచిపోయేవారు. తేదీలతో, నష్టంతో ఉన్న అర్జీకి జిల్లా పశుసంవర్ధక అధికారి జవాబు రాయక తప్పేది కాదు. మూడు నెలలు రాశాక నకలు తీయించి, ఆయనకు ఒకటి, సోమవారం కలెక్టరేట్‌లో ఒకటి ఇవ్వండి. ముసాయిదా ముందు నాకు పంపు, దిద్ది పంపిస్తాను.

మీ మామయ్య