ప్రయాణాల ప్రశ్నలు: యార్క్‌లో ఒంటరిగా ఒక వారాంతం

ప్రశ్న: మాది గుంటూరు. బర్మింగ్‌హామ్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ చదువుతున్నాను. వచ్చి ఏడాది దాటినా లండన్ తప్ప మరో ఊరు చూడలేదు. ఎవరిని అడిగినా ‘చూద్దాంలే’ అంటున్నారు. అందుకే అక్టోబరు చివరి శని, ఆదివారాల్లో ఒక్కదాన్నే యార్క్ వెళ్దామనుకుంటున్నాను. శనివారం పొద్దున వెళ్లి ఆదివారం సాయంత్రం తిరిగి రావాలని ఆలోచన. చూడాల్సిన చోట్లను గంటలవారీగా పట్టిక వేసి, దీనితో జతచేశాను. సరిగా ఉందా? ఒంటరిగా వెళ్తున్నాను కనుక ఇంకేమి జాగ్రత్తలు తీసుకోవాలి? (ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్)

జవాబు: చదువుకుంటున్న పిల్లవి, నిన్ను ‘మీరు’ అని రాయడం నా వల్ల కాదు. నువ్వనే అంటాను. నీ పట్టిక చూశాను. శనివారం ఉదయం నుంచి సాయంత్రం ఐదు దాకా ఊపిరాడకుండా నింపావు. ఐదు తర్వాత ‘డిన్నర్’ అని రాసి వదిలేశావు. నేనైతే దాన్ని తలకిందులు చేస్తాను. పగటిని వదులుగా ఉంచి, సాయంత్రాన్ని గట్టిగా కడతాను.

ఎందుకంటావా? నేను యార్క్ పక్కనే లీడ్స్‌లో చాలా కాలం ఉద్యోగం చేశాను. రైలెక్కితే అరగంట కూడా పట్టని ఊరు కావడంతో, సెలవు దొరికితే అక్కడే ఉండేదాన్ని. పగటిపూట ఆ ఊళ్లో ఒంటరితనం అనేది ఉండదు. ఎటు చూసినా ఏదో ఒకటి కనిపిస్తుంది, అందరూ ఎవరి దారిన వాళ్లు నడుస్తుంటారు. అసలు చిక్కంతా ఐదింటికి మొదలవుతుంది. గుంటూరులో ఐదంటే బజారుకు కళ వచ్చే వేళ. అక్కడ ఐదంటే మ్యూజియం తలుపులు మూసే వేళ, కాఫీ కొట్లలో కుర్చీలు బల్లల మీదకెక్కే వేళ. అప్పటి నుంచి నిద్రపోయేదాకా ఐదు గంటలు మిగులుతాయి. ఒంటరిగా వెళ్లి ‘ఎందుకొచ్చానా’ అనుకునే వాళ్లంతా ఆ ఐదు గంటల్లోనే అనుకుంటారు. బసలో మంచం మీద కూర్చుని ఫోను చూసుకుంటూ అనుకుంటారు. నీకు ఉన్నది ఒక్క సాయంత్రం. దాన్ని చక్కగా గడిపితే మిగతాది దానంతటదే సర్దుకుంటుంది.

నీ శనివారం సాయంత్రం ఇలా ఉంటే బాగుంటుంది. ఐదింటికల్లా మిన్‌స్టర్‌కు, అంటే అక్కడి పెద్ద చర్చికి, చేరుకో. పగలు దాన్ని చూడాలంటే టికెట్ కొనాలి. సాయంత్రం జరిగే ‘ఈవెన్‌సాంగ్’ ప్రార్థనకు మాత్రం టికెట్ లేదు. శనివారం సాధారణంగా ఐదున్నరకు మొదలవుతుంది, వేళను వాళ్ల వెబ్‌సైట్‌లో ముందురోజు మరొకసారి చూసుకో. మతమేమిటని ఎవరూ అడగరు. అందరూ లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చుంటే చాలు. కాస్త ముందుగా వెళ్లినవాళ్లను గాయకబృందం పక్కనున్న చెక్కడాల కుర్చీల్లో కూర్చోనిస్తారు. బడి సెలవుల్లో సొంత బృందం బదులు వేరే ఊళ్ల గాయకులు వచ్చి పాడుతుంటారు, అయినా నష్టమేమీ లేదు. దాదాపు ముప్పావుగంట ఆ రాతి కప్పు కింద పాట వింటూ కూర్చోవడం, టికెట్ కొని చూసినదాని కన్నా నాకు ఎప్పుడూ బాగా అనిపించేది.

బయటికొచ్చేసరికి చీకటి పడి ఉంటుంది. అప్పుడు స్టోన్‌గేట్ మీదుగా షాంబుల్స్ వీధికి నడువు. ఒకప్పటి మాంసం కొట్ల వీధి అది. పై అంతస్తులు ముందుకు వంగి, ఎదుటి ఇంటితో గుసగుసలాడుతున్నట్టు ఉంటాయి. నీ పట్టికలో దాన్ని శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టావు. ఆ వేళ నువ్వు చూసేది ఇతరుల వీపులు. కొట్లు మూశాక అదే వీధి ఖాళీగా, దీపాల వెలుగులో ఉంటుంది. ఊరి నడిబొడ్డు కనుక భయపడాల్సిన పనిలేదు.

భోజనానికి ఆరున్నరకో, ఏడు లోపో కూర్చో. శనివారం ఎనిమిదింటికి ఒక్క మనిషికి బల్ల ఇవ్వడం ఏ హోటలుకూ ఇష్టం ఉండదు. పబ్‌కు వెళ్లడానికి మన అమ్మాయిలు జంకుతారు కానీ, ఒంటరిగా తినడానికి అంత సులువైన చోటు మరొకటి లేదు. ముందు ఖాళీ బల్ల చూసుకుని, దాని మీదున్న అంకె గుర్తుపెట్టుకుని, కౌంటరు దగ్గరికి వెళ్లి కావలసింది చెప్పి డబ్బు కట్టేస్తే తిండి నీ దగ్గరికే వస్తుంది. మద్యం తాగకపోతే ఎవరూ వింతగా చూడరు. లైసెన్సు ఉన్న చోట అడిగితే మామూలు మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది ఇంగ్లండ్‌లో చట్టం. వంటగది చాలాచోట్ల తొమ్మిది ప్రాంతంలో మూతపడుతుంది, ఆదివారం ఇంకా ముందే.

ఆ తర్వాత రెండు దారులున్నాయి. ఒకటి థియేటర్ రాయల్. 1744 నుంచి నడుస్తున్న నాటకశాల అది, ఒక్క సీటు దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. రెండోది దెయ్యాల కథల నడక. నల్ల కోటు, పొడుగు టోపీ పెట్టుకున్న కథకుడి వెంట పదీ పదిహేనుమంది సందుగొందుల్లో తిరుగుతూ హత్యలు, ఉరిశిక్షలు, అరుపుల కథలు వినడమన్నమాట. నువ్వు వెళ్లేది హాలోవీన్ అనే దెయ్యాల పండుగకు దగ్గర కనుక ముందే టికెట్ కొనుక్కో. దెయ్యాల మీద నమ్మకం అక్కర్లేదు, మేజోళ్లు మందంగా ఉంటే చాలు. ఒంటరి ప్రయాణికులకు నేను దీన్నే గట్టిగా చెబుతాను. గంటా గంటన్నర పదిమంది మధ్య నవ్వుతూ ఉంటావు, ఎవరితోనూ పరిచయం కలుపుకోవాల్సిన బాధ్యత ఉండదు.

ఇక పగటి సంగతి. పట్టికలో సగం కొట్టేయి. శనివారం ఉదయం ఆర్ట్ గ్యాలరీ ముందున్న ఎగ్జిబిషన్ స్క్వేర్ నుంచి స్వచ్ఛంద గైడ్లు ఊరు చూపిస్తారు. 1951 నుంచి ఉచితంగానే చేస్తున్నారు, చివర్లో చెయ్యి చాపరు కూడా. రోమన్లు క్రీ.శ. 71లో కోట కట్టుకోవడం, 306లో కాన్‌స్టంటైన్‌ను సైనికులు ఇక్కడే చక్రవర్తిగా ప్రకటించడం, 866లో వైకింగులు ఊరిని పట్టుకోవడం, ఇవన్నీ వాళ్ల నోట వింటేనే బాగుంటాయి. నేను చెప్పి చెడగొట్టను.

కోటగోడ ఎక్కడం మానకు. చుట్టుకొలత సుమారు 3.4 కిలోమీటర్లు, టికెట్ లేదు. మొత్తం తిరగాల్సిన పనిలేదు. బూథమ్ బార్ దగ్గర ఎక్కి మంక్ బార్ దగ్గర దిగితే (అక్కడ బార్ అంటే కోటద్వారం) మిన్‌స్టర్‌ను వెనుకవైపు తోటలతో సహా చూడొచ్చు. కొన్నిచోట్ల లోపలివైపు కటకటాలు ఉండవు, వాన పడితే రాయి జారుతుంది. గొడుగు బదులు టోపీ ఉన్న రెయిన్ కోటు తీసుకెళ్లు. చీకటి పడితే గోడకు తాళం వేస్తారు. నువ్వు వెళ్లే ఆదివారం తెల్లవారుజామున రెండింటికి దేశమంతా గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. ఫోను తానే మార్చుకుంటుంది, నీకు గంట నిద్ర కలిసొస్తుంది. కానీ ఆ రోజు పొద్దు ఐదు లోపే వాలిపోతుంది. గోడ పని శనివారమే చూసుకో.

మిన్‌స్టర్‌కు పగలు కూడా వెళ్లాలనుంటే శనివారమే వెళ్లాలి. ఆదివారం ఉదయం ప్రార్థనల వల్ల సందర్శకులను మధ్యాహ్నం దాకా లోపలికి రానివ్వరు. తూర్పు చివరనున్న పెద్ద కిటికీ ముందు కాసేపు కూర్చో. టెన్నిస్ కోర్టంత ఉంటుంది. మీ బర్మింగ్‌హామ్ పక్కనున్న కవెంట్రీ నుంచి జాన్ థార్న్‌టన్ అనే గాజు పనివాడు వచ్చి, 1405లో ఒప్పుకుని 1408కల్లా ముగించాడు. గోపురం పైకి 275 మెట్లు. మోకాళ్లు నీవి, నిర్ణయం నీది. జార్విక్ వైకింగ్ కేంద్రం, క్లిఫర్డ్ టవర్ అనే పాత కోట బురుజు రెండూ రాసుకున్నావు. ఒకటి చాలు. పిల్లల సెలవులు కూడా అప్పుడే పడుతుంటాయి కనుక జార్విక్‌కైతే ముందే టికెట్ తీసుకో. నా ఓటు మాత్రం టవర్‌కే, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. ఎక్కే ముందు కింద ఉన్న ఫలకం చదువు. 1190లో ఆ టవర్ ఉన్న గుట్ట మీద తలదాచుకున్న యూదులు, చుట్టుముట్టిన మూకకు లొంగి మతం వదులుకోవడం కన్నా ఒకరి చేతుల్లో ఒకరు చనిపోవడమే మేలని ఎలా అనుకున్నారో అందులో ఉంటుంది. విట్బీ, స్కార్‌బరో సముద్రతీరాలు కూడా ఇందులోనే ఇరికించాలన్న ఆలోచన మానుకో.

ఆదివారం రైల్వే మ్యూజియానికి. ప్రవేశం ఉచితం, స్టేషన్ వెనుకే ఉంటుంది. 1938లో గంటకు 126 మైళ్ల వేగం అందుకున్న మల్లార్డ్ ఆవిరి ఇంజన్ను, జపాన్ నుంచి వచ్చిన షింకన్‌సెన్ బుల్లెట్ రైలు పెట్టెను పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తూ ఉంటే రైలు వేళ అయిపోతుంది. కొనుగోళ్లు ఏమైనా ఉంటే మధ్యాహ్నమే కానివ్వు. పెద్ద దుకాణాలు ఆదివారం ఆరు గంటల సేపే తెరిచి ఉంచాలి, అది చట్టం.

రైలు: న్యూ స్ట్రీట్ నుంచి నేరుగా ఉంది, రెండున్నర గంటల లోపు ప్రయాణం. పదహారు నుంచి పాతికేళ్ల వారికిచ్చే రైల్‌కార్డు తీసుకుంటే మూడో వంతు తగ్గుతుంది. వయసు దాటినా పూర్తికాల విద్యార్థులకు ఇస్తారు. అడ్వాన్స్ టికెట్ చవక, కానీ రాసిన రైలుకే చెల్లుతుంది. ఆదివారం పట్టాల మరమ్మతులని చెప్పి రైలు బదులు బస్సు ఎక్కించే అలవాటు వాళ్లకుంది కనుక, కొనే ముందు ఆ రోజు పనులున్నాయేమో చూడు. చివరి రైలుకు మాత్రం ఎన్నడూ టికెట్ కొనవద్దు. దానికి ముందుదానికి కొను. ఒకటి రద్దయినా ఇంకొకటి మిగలాలి.

బస కోసం బూథమ్ అవతలి వీధుల్లో చిన్న గెస్ట్‌హౌసులు చాలా ఉంటాయి, మిన్‌స్టర్‌కు పది, పదిహేను నిమిషాల నడక. వాటిలో రాత్రంతా మేలుకునే రిసెప్షన్ ఉండదు. ఎన్నింటికి వస్తావో ముందే చెప్పు, సంచి పొద్దునే పెట్టుకోనిస్తారేమో అడుగు. మిక్ల్‌గేట్ వీధిలో చవకగా కనిపించినా తీసుకోకు. పెళ్లికి ముందు స్నేహితులతో తాగి ఊరేగే గుంపులకు శనివారం రాత్రి ఆ వీధే రాచబాట. గుర్రప్పందేల రోజుల్లో ఊరంతా అలాగే ఉంటుంది, గదుల ధరలు కూడా గుర్రాల్లాగే పరుగెత్తుతాయి. మరోసారి వెళ్లేటప్పుడు పందేల తేదీలు చూసుకో.

రాత్రి ఊజ్ నది ఒడ్డున నడవద్దు. దొంగల భయం కాదు, మెట్లు తడిగా, నీరు లోతుగా ఉంటుంది. వానల కాలంలో గట్టు మీదకే వస్తుంది. టాక్సీల్లో స్టాండులో నిలిచే హ్యాక్నీ బండిని అప్పటికప్పుడు ఎక్కొచ్చు. ప్రైవేట్ హైర్ బండి మాత్రం ముందుగా బుక్ చేస్తేనే ఎక్కాలి. పక్కన ఆపి రమ్మని పిలిచినా ఎక్కకు. రైల్లో ఎవరైనా ఇబ్బంది పెడితే 61016కు మెసేజ్ పంపితే రైల్వే పోలీసులకు చేరుతుంది, అత్యవసరమైతే 999. టికెట్, రైల్‌కార్డు, పటం, డబ్బు అన్నీ ఫోనులోనే ఉంటాయి కనుక పవర్ బ్యాంకు మరవకు.

ప్రశ్న: మా అమ్మాయి మాంచెస్టర్‌లో చదువుతోంది. వేసవిలో ఒంటరిగా ఊళ్లు తిరుగుతానంటోంది. గంటకోసారి ఫోను చేయమంటే విసుక్కుంటోంది. మీరైనా చెప్పండి. (ఒక తల్లి, కాకినాడ)

జవాబు: చెబుతాను గానీ, మీకు చెబుతానండి. గంటకోసారి ఫోను చేస్తే బ్యాటరీ అయిపోతుంది. ఆ తర్వాత టికెట్ చూపించలేక తనే ఇబ్బంది పడుతుంది. బయల్దేరే ముందు దిగే చోటి పేరు, చిరునామా, తిరుగు రైలు వేళ అడిగి రాసిపెట్టుకోండి. చేరగానే ఒక మెసేజ్, రాత్రి గదికి రాగానే ఇంకొకటి పెట్టమనండి. వేసవిలో వాళ్లకూ మనకూ నాలుగున్నర గంటల తేడా. అక్కడ రాత్రి పదికి తను గదికి చేరితే కాకినాడలో రెండున్నర అవుతుంది. ఆ మెసేజ్ కోసం మేలుకుని కూర్చోకండి, పొద్దున కాఫీతో చూసుకోండి.

ప్రశ్న: రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. కోడి, చేప తింటాను, గొడ్డు మాంసం తినను. యార్క్‌షైర్ వైపు ఒంటరిగా వెళ్లినప్పుడు ఏమి చూసుకోవాలి? (ఒక పాఠకుడు, రెడింగ్)

జవాబు: బంగాళాదుంప చిప్స్ చూసుకోండి. మీరు నవ్వుతారని తెలుసు. దక్షిణాన ఎక్కువగా నూనెలో వేయించే చేపా చిప్సును యార్క్‌షైర్‌లో చాలా కొట్లు ఇప్పటికీ బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో వేయిస్తాయి. అదే రుచి అని గర్వంగా బోర్డు కూడా పెడతాయి. ‘ఏ నూనెలో వేయిస్తారు’ అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. యార్క్‌షైర్ పుడ్డింగ్ అంటే పిండి, గుడ్డు, పాలే. అయినా పాత పద్ధతిలో పెనంలో ఆ కొవ్వే పోస్తారు, మీద పోసే గ్రేవీ సంగతి చెప్పనక్కర్లేదు. ఆదివారం పబ్‌లో కోడి రోస్ట్ అడిగితే గ్రేవీ దేనితో చేశారో తెలుసుకుని తినండి. శాకాహార గ్రేవీ వేరేగా ఉంచే చోట్లు చాలానే ఉన్నాయి.