మక్కికి మక్కి ప్రాజెక్టులు

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలకు ‘నీటి వృథా’ మీద ప్రాజెక్టు ఇస్తే సగం మంది ఒకే వెబ్‌సైటు నుంచి పేరాలకు పేరాలు దించేసి తెచ్చారు. సొంతంగా వెతికి రాయడం ఎలా నేర్పాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: ‘నీటి వృథా’ అన్నది శీర్షికే గానీ ప్రశ్న కాదండీ. దాని మీద రాసిపెట్టిన పేజీలు కొల్లలు, కాబట్టి దించడమే తేలిక. ఏ పేజీలోనూ జవాబు సిద్ధంగా దొరకని ప్రశ్న కావాలి. ‘మన బడిలో కారే కుళాయి రోజుకు ఎంత నీరు పారబోస్తోంది, ఎందుకు కారుతోంది?’ అనడిగి చూడండి. కొలగిన్నె పెట్టి 10 నిమిషాలు నీరు పట్టి, వచ్చిన లెక్కను 144తో హెచ్చవేస్తే ఒక రోజుది వస్తుంది. ఒక్కసారి కొలిచి వదిలేస్తే లెక్క తప్పుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ధార పెరుగుతుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పట్టి సగటు తీయించండి. ‘ఎందుకు’ అనే సగానికి పుస్తకాలు తిరగేయక తప్పదు.

నోట్సు దగ్గరే అసలు చిక్కు. పుస్తకం ఎదురుగా తెరిచి ఉంటే ఎంత తెలివైన పిల్లాడికైనా అందులోని వాక్యాలే చేతికొస్తాయి. చదవాలి, మూయాలి, సొంత మాటల్లో రాయాలి, మళ్లీ తెరిచి అంకెలు, పేర్లు మాత్రం సరిచూసుకోవాలి. నోట్సును చిన్న చిన్న అట్టకార్డుల మీద రాయించండి, కార్డుకు ఒక్క విషయమే. వెనకవైపు రచయిత, పుస్తకం, సంవత్సరం, పేజీ. ఉన్నదున్నట్టు రాసుకున్న వాక్యానికి అప్పుడే కొటేషన్ గుర్తులు పెట్టించండి. వారం తర్వాత అది ఎవరి వాక్యమో రాసినవాడికే గుర్తుండదు.

కార్డులను మొదటి వారం చివరే తీసుకోండి. ఆఖరున అడిగితే ముందు వ్యాసం దించి, దాన్ని చూసి కార్డులు తయారుచేస్తారు! 20 మార్కుల్లో ప్రశ్నకు 3, కార్డులకు 8, వ్యాసానికి 6, నోటిమాటగా వివరించడానికి 3 ఇస్తే, దించడం వల్ల లాభం ఉండదని వాళ్లకే అర్థమవుతుంది.

ఆధారాలను తూచడానికి ఒక పీరియడ్ కేటాయించండి. ‘చైనా గోడ చంద్రుడి మీంచి కనిపిస్తుంది’ అన్న మాట ఇచ్చి, నిజమో కాదో తేల్చమనండి. కనిపించదు. అయినా కనిపిస్తుందని రాసినవి బోలెడు దొరుకుతాయి, ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. పది చోట్ల ఉన్నంత మాత్రాన పది ఆధారాలు కావని అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ప్రాజెక్టుకు ఏఐ చాట్‌బాట్‌ను అడుగుతున్నాడు. మాన్పించాలా?
– ఒక తండ్రి

జవాబు: అక్కర్లేదు. వెతకడానికి పనికొచ్చే మాటలు, ఉపప్రశ్నలు దాన్ని అడగొచ్చు. ఆధారాలు మాత్రం అడగకూడదు; లేని పుస్తకానికి కూడా పేరు, రచయిత, సంవత్సరం కల్పించి చెప్పగలదు. అది చెప్పిన పుస్తకం లైబ్రరీ జాబితాలో దొరికి, ఆ పేజీ తను కళ్లారా చదివితేనే కార్డు రాయమనండి.