హాల్లో మెచ్చుకున్న సినిమా ఇంట్లో సీరియల్‌లా ఎందుకుంటుంది?

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి మీరు అడిగింది ఇదీ: జగదాంబ థియేటర్లో చూసి మెచ్చుకున్న సినిమానే ఓటీటీలోకి వచ్చాక కొత్త 55 అంగుళాల టీవీలో పెడితే సీరియల్‌లా ఉంది, మాటలు వినపడట్లేదు, రాత్రి సీన్లు నల్లగా ఉన్నాయి. ఈమధ్య చూసినవేవీ నచ్చకపోవడానికి తప్పు సినిమాలదా, టీవీదా?

మీరు రాసిన మూడూ టీవీ సెట్టింగుల గొడవలే. "కథ బాగుంది గానీ మేకింగ్ చీప్‌గా ఉంది" అని ఇళ్లల్లో వినపడే రివ్యూల్లో సగం, కదలికని నునుపు చేసే మోషన్ సెట్టింగ్ రాయించినవే అంటాను.

సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. మన టీవీ ప్రసారాలు 50 హెర్ట్జ్ పద్ధతిలో, అంటే సెకనుకి 50 సార్లు బొమ్మ మార్చే లెక్కన నడిచాయి కాబట్టి ఆ నున్నటి కదలిక కనపడగానే మన కంటికి సీరియలే గుర్తొస్తుంది. కొత్త టీవీలు 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని సొంతంగా పుట్టించి సినిమాకీ అదే నునుపు పూస్తాయి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ, షావోమీ, టీసీఎల్ లాంటివాటిలో ఎంఈఎంసీ అని ఉంటుంది. ఆపేయండి. పిక్చర్ మోడ్‌లలో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెడితే చాలు, ఈ నునుపు దానంతటదే ఆగిపోతుంది. అయితే పూర్తిగా ఆపితే కెమెరా పక్కకి తిరిగే షాట్లలో జెర్కులు కనపడొచ్చు. 60 హెర్ట్జ్ తెరలో 24 ఫ్రేములు సమంగా ఇమడవు, ఒక ఫ్రేముని రెండుసార్లు, తర్వాతదాన్ని మూడుసార్లు చూపించాల్సి వస్తుంది. అది చిరాకైతే అదే మోషన్ మెనూలో జెర్కులు తగ్గించే డీ-జడ్డర్‌ని 10కి 2 లేదా 3 దగ్గర పెట్టుకోండి. బాగా పెంచితే హీరో చెయ్యి విసిరినప్పుడు వేళ్ల చుట్టూ బొమ్మ కరిగినట్టవుతుంది. క్రికెట్‌కి ఆన్‌లో ఉంచుకున్నా నష్టం లేదు.

మాటల విషయం కొంచెం ఓపిగ్గా చూడాలి. 5.1 మిక్సింగ్‌లో (ఐదు స్పీకర్లు, ఒక బేస్ స్పీకరు కోసం చేసిన ధ్వని) మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకరుకి వెళ్తాయి. మీ టీవీకి ఆ స్పీకరు లేదు, ఉన్న రెండూ సాధారణంగా కిందికి తిరిగి ఉంటాయి. అన్ని స్పీకర్ల ధ్వనినీ ఆ రెండింట్లో కుక్కేసరికి మాట, బీజీఎం, వాన చప్పుడు ఒకదాని మీద ఒకటి పడతాయి. పైగా నెట్‌ఫ్లిక్స్ అడిగే మిక్స్‌లో మాటల సగటుకంటే చప్పుళ్ల గరిష్ఠ హద్దు దాదాపు 25 డెసిబెల్స్ పైన ఉంటుంది. అంత తేడా నిశ్శబ్దంగా ఉన్న గదిలో అందంగానే ఉంటుంది. ఫ్యాను ఐదులో తిరుగుతూ, వంటింట్లో కుక్కర్ కూస్తున్న ఇంట్లో మాట కోసం వాల్యూమ్ పెంచితే తర్వాతి ఫైటుకి పక్క ఫ్లాట్ వాళ్లు బెల్లు కొడతారు.

ముందు యాప్‌లో ఆడియో జాబితా తెరవండి. "తెలుగు 5.1" పక్కన మామూలు "తెలుగు" ఉంటే దాన్ని ఎంచుకోండి, స్టీరియోకని (రెండు స్పీకర్లకని) విడిగా చేసిన మిక్స్ టీవీ కుదించినదానికంటే నయం. తర్వాత టీవీలో వర్చువల్ సరౌండ్ ఆపేసి, క్లియర్ వాయిస్, ఆటో వాల్యూమ్ ఆన్ చేయండి. సరౌండ్ ఎఫెక్టు మాటని గదంతా చల్లేస్తుంది, చాలామంది అదే గొప్ప అనుకుని వదిలేస్తారు. సౌండ్‌బార్ కొనాలనుకుంటే 2.1 వద్దు, 3.1 తీసుకోండి: ఆ మూడో స్పీకరు మాటల కోసమే. దాన్ని ఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టుకే పెట్టాలి. ఓటీటీలు వాడే డాల్బీ డిజిటల్ ప్లస్ అనే ధ్వని పద్ధతి ఆప్టికల్ వైరులో రాదు.

పెదాలకంటే మాట ముందొస్తే సౌండ్‌బార్ డిలేని 20 మిల్లీసెకన్ల చొప్పున పెంచుతూ వెళ్లండి. మాటే వెనకబడితే డిలే పెంచితే ఇంకా చెడుతుంది. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ని పీసీఎంకి (కుదించని మామూలు ధ్వనికి) మార్చి చూడండి. డబ్బింగ్ సినిమాతో మాత్రం ఈ పరీక్ష పెట్టొద్దు, పెదాలు ఎలాగూ కలవవు. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం పెట్టండి. అందులో చాలామంది అంతకుముందు నటించనివాళ్లు, మాటలు మన వీధుల్లోవే. విశాఖవాళ్లయి ఉండి కూడా వెనక్కి తిప్పి వినాల్సొస్తే తంటా యాసలో లేదు, మీ సెట్టింగులో ఉంది.

చీకటి సీన్లకి మొదటి ముద్దాయి ఎకో మోడ్, దాని జత వెలుతురు సెన్సర్. గదిలో లైటు ఆర్పగానే టీవీ కూడా తనని తాను తగ్గించుకుంటుంది. రెండూ ఆఫ్ చేయండి. రెండోది హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే పద్ధతి: చాలా సినిమాలకి 1000 నిట్ల (నిట్ అంటే తెర వెలుగు కొలత) లెక్కన రంగులు సరిచేస్తే బడ్జెట్ టీవీలు 300 దరిదాపుల్లోనే ఆగిపోతాయి, నీడలన్నీ ముద్దయిపోతాయి. ఆ వెలుగుని మీ తెరకి తగ్గట్టు సర్దే డైనమిక్ టోన్ మ్యాపింగ్ ఉంటే ఆన్ చేయండి. డాల్బీ విజన్‌లో (అదీ ఒక రకం హెచ్‌డీఆరే) డార్క్ బదులు బ్రైట్ తీసుకోండి. పగలు సముద్రం వైపు బాల్కనీ వెలుతురు తెర మీద పడుతుంటే ఏ సెట్టింగూ కాపాడదు, కర్టెన్ వేసుకోవడమే. నలుపులో మెట్లుమెట్లుగా చారలొస్తే అది నెట్టు, లేదా ప్లాను. 4కెకి నెట్‌ఫ్లిక్స్ 15 ఎంబీపీఎస్ ఉండాలంటుంది, ప్రీమియం ప్లాను కూడా కావాలి. టీవీని 2.4 నుంచి 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి, వైరు లాగగలిగితే మరీ మంచిది.

రంగు సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి బ్లాక్ అండ్ వైట్ సినిమా మించిన పరీక్ష లేదు. మన సముద్రం ఒడ్డున తీసిన 1978 నాటి మరోచరిత్ర పెట్టి ఆకాశం చూడండి. నీలంగా కనపడితే మీ టీవీ కలర్ టెంపరేచర్ కూల్‌లో ఉన్నట్టు. వార్మ్ 2కి మార్చండి. మొదట్లో పసుపుగా అనిపిస్తుంది, కన్ను అలవాటు పడేదాకా వెనక్కి మార్చకండి.

పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయని జూమ్ నొక్కొద్దు, ఎత్తుకి 2.39 రెట్లు వెడల్పున్న సినిమాలో పక్కల నుంచి పావు వంతు బొమ్మ పోతుంది.

బొమ్మకి సంబంధించిన ఈ మార్పులన్నీ యాప్‌లో మామూలు సినిమా నడుస్తుండగా ఒకసారి, హెచ్‌డీఆర్ సినిమా నడుస్తుండగా ఒకసారి, డాల్బీ విజన్‌లో మళ్లీ ఒకసారి చేయాలి. టీవీ ఒక్కోదానికి విడిగా గుర్తుపెట్టుకుంటుంది. సెట్‌టాప్ బాక్స్ ఉన్న హెచ్‌డీఎంఐకీ అంతే.